రెండో కృష్ణుడు

మొన్న మార్చిలో ఒక గురువారం సాయంత్రం. మా వాడు స్కూలు నుంచి వచ్చి, బ్యాగు గుమ్మం దగ్గరే పడేసి, సోఫాలో వెల్లకిలా పడుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. "ప్రాజెక్టు ఎంతవరకు వచ్చిందిరా?" అని వంటింట్లోంచి అడిగాను. తల కూడా ఎత్తకుండా, "నాది క్లించ్ అయిపోయిందమ్మా. ఇంక స్టార్టర్స్‌ని కూర్చోబెట్టెయ్యడమే" అన్నాడు.

వాడు చెప్పింది నాకు అర్థమైంది. అదే విచిత్రం. తెనాలిలో బీఏ తెలుగు చదువుకుని, ప్రబంధాల్లో వర్ణనలు బట్టీపట్టి పరీక్షలు రాసినదాన్ని. అమెరికన్ ఫుట్‌బాల్ గొడవ నాకెందుకు తెలియాలి? కానీ ఇండియానాపొలిస్‌లో ఇన్నేళ్ళు కాపురం చేస్తే తెలుస్తుంది. ఇక్కడ ఆదివారం మధ్యాహ్నం ఇండియన్ స్టోర్‌కి వెళ్తే కొత్తిమీర కట్టలు తూచే అబ్బాయి కూడా నీలం చొక్కా వేసుకుని ఉంటాడు. అది మా ఊరి జట్టు కోల్ట్స్ రంగు.

మీలో చాలామందికి ఈ ఆట కొత్త కాబట్టి రెండు ముక్కలు చెప్తాను. ఇది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో బంతి, దాన్ని చేత్తో పట్టుకుని పరుగెత్తడం, అవతలివాళ్ళు మీదపడి కూలదొయ్యడం. తలకి హెల్మెట్లు, భుజాలకి డొప్పలు. ఎన్.ఎఫ్.ఎల్.లో 32 జట్లు. రెండు సగాలుగా విడదీసి, ఒక్కో సగంలో మళ్ళీ నాలుగేసి జట్ల గుంపులు నాలుగు పెడతారు. సెప్టెంబరు నుంచి జనవరి మొదటి వారాల దాకా వారానికొక మ్యాచ్. అప్పట్లో ఒక్కో జట్టుకి 16, ఇప్పుడు 17. బాగా ఆడినవాళ్ళు ప్లేఆఫ్స్‌కి వెళ్తారు. అక్కడ ఓడితే ఇంటికే. ముందు నిలిచిన జట్టుకి మొదటి వారం ఆడకుండానే పై మెట్టు, ఆపైన సొంత గ్రౌండులో ఆట. ఇంకెవరూ అందుకోలేనంత ముందుకి వెళ్ళిపోయి ఆ స్థానం ఖాయం చేసుకోవడాన్నే క్లించ్ చేయడం అంటారు.

చిక్కు అక్కడే వస్తుంది. ఒక జట్టు డిసెంబరు మధ్యకే మొదటి స్థానం ఖాయం చేసుకుందనుకోండి. మిగిలిన రెండు మూడు మ్యాచ్‌లు గెలిచినా ఓడినా వాళ్ళకి వచ్చేదీ పోయేదీ ఏమీ లేదు. ఎముకలు విరిగే ఆట. అందుకని కోచ్ అసలు ఆటగాళ్ళని పక్కన కూర్చోబెట్టి, బెంచీ మీదున్న వాళ్ళని దింపుతాడు. ఇది తప్పా, కాదా, దీన్ని ఆపాలా, ఆపితే ఎలా ఆపాలి అని ఇక్కడ ఏటా క్రిస్మస్ నాటికి గొడవ మొదలవుతుంది, మనకి సంక్రాంతి ముందు బస్సు టికెట్ల గొడవలాగా.

నేను మొదటిసారి ఈ గొడవ చూసింది 2009 డిసెంబరు 27న. ఆదివారం. అప్పటికి మా వాడికి ఏడాదిన్నర. మనవణ్ణి చూసుకోవడానికి మా అత్తయ్యగారూ మావయ్యగారూ వచ్చి ఉన్నారు. బయట చలి, నడవడానికి వీలులేదు, మావయ్యగారికి తోచదు. మా వారు ఆయనకి టీవీలో ఈ ఆట అలవాటు చేశారు. రెండు నెలల్లో ఆయన మా వారికే వ్యాఖ్యానం చెప్పే స్థితికి వచ్చారు. పేటన్ మ్యానింగ్ అంటే ఆయనకి ప్రాణం. ఆట మొదలుపెట్టే ముందు మ్యానింగ్ చేతులూపుతూ అందరికీ ఏదేదో అరిచి చెప్తాడు. "చూడమ్మా, సూత్రధారుడు" అనేవారు మావయ్యగారు.

ఆ రోజుకి కోల్ట్స్ ఆడిన 14 మ్యాచ్‌లూ గెలిచారు. అంతకుముందు ఏడాదివి కూడా కలుపుకుంటే లీగ్ మ్యాచ్‌ల్లో వరసగా 23 గెలుపులు, అప్పటికి అదే రికార్డు. ఇంకో రెండు గెలిస్తే మచ్చలేని సీజన్. ఒక్కటి కూడా ఓడకుండా, చివరి ఫైనల్ కూడా గెలిచి సీజన్ ముగించిన జట్టు ఈ లీగ్ చరిత్రలో ఒక్కటే, 1972 నాటి మయామీ డాల్ఫిన్స్. ఊరంతా ఆ లెక్కే. కానీ మొదటి స్థానం అప్పటికే ఖాయమైపోయింది.

ఆ రోజు న్యూయార్క్ జెట్స్‌తో మ్యాచ్, మా ఊళ్ళోనే. మూడో భాగంలో మనవాళ్ళు 15-10తో ముందున్నారు. అప్పుడు కోచ్ జిమ్ కాల్డ్‌వెల్ మ్యానింగ్‌ని బయటికి పిలిచేశాడు. అతని బదులు కర్టిస్ పెయింటర్ అని కొత్త కుర్రాడు దిగాడు. కాసేపటికే ఆ అబ్బాయి చేతిలోంచి బంతి జారింది, జెట్స్ వాళ్ళు పట్టుకుని స్కోరు చేశారు. చివరికి 29-15తో ఓటమి. మ్యానింగ్ హెల్మెట్ పెట్టుకుని అంచున నిలబడి చూస్తున్నాడు. స్టేడియంలో సొంత జనమే అరిచి గోల పెట్టారు.

మావయ్యగారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "మా రోజుల్లో రాయబారం నాటకానికి ఇద్దరు ముగ్గురు కృష్ణులుండేవారమ్మా. ఏ సీనుకి ఎవరు కృష్ణుడో పోస్టర్లో ముందే వేసేవాళ్ళు. రెండో కృష్ణుడికి కూడా అభిమానులుండేవారు. కానీ మొదటి కృష్ణుడు పడక సీనులో సగం పద్యాలు పాడి, గొంతు దాచుకోవాలని లోపలికి వెళ్ళిపోతే తెనాలిలో కుర్చీలు లేచేవి."

నాకు మాత్రం ఆ రెండో కృష్ణుడి మీదే జాలి కలిగింది. ఏడాదంతా ఆ కుర్రాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి, ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తున్న రోజున, "ఇది పెద్ద విషయం కాదులే, నువ్వు వెళ్ళు" అని తోశారు. వంటింట్లోకి ఎప్పుడూ రానివ్వని అత్తగారు, యాభై మంది భోజనానికి కూర్చున్నాక "పులిహోర నువ్వు కలిపెయ్యి" అని కొత్తకోడలికి అప్పజెప్పినట్టు. ఉప్పు ఎక్కువైతే పేరు ఎవరికి పోతుంది?

ఆ తర్వాతి ఆదివారం బఫెలోలో మంచు కురుస్తుంటే మళ్ళీ అదే కథ, 30-7. అందులో ఒక తమాషా ఉంది. ఆ రోజు మొదట్లో కాసేపు అసలు వాళ్ళని ఆడించారు. ఎందుకంటే రెజ్జీ వేన్, డల్లస్ క్లార్క్ అనే ఇద్దరికి ఆ ఏటి క్యాచ్‌ల లెక్క వంద పూర్తి కావాలి. అవి పూర్తయ్యాక లోపలికి. మచ్చలేని సీజన్ మాకు అక్కర్లేదు, మా గురి సూపర్ బౌల్ మీదే అన్నవాళ్ళు, వంద అనే అంకె కోసం మటుకు మంచులో నిలబడ్డారు. పట్టింపు అనేది మనిషిలోంచి అంత తేలిగ్గా పోదు కదా!

ఇంతవరకూ ఇది మా ఊరి బాధ. ఆ రాత్రి హ్యూస్టన్ నుంచి మా చెల్లెలి భర్త ఫోన్ చేశాడు. ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడే మనిషి, మండిపోతున్నాడు. "వదినా, మీవాళ్ళు పడుకోవడం మీవాళ్ళ ఇష్టం. మా కొంప ఎందుకు ముంచారు?" అన్నాడు.

అతని గొడవ ఏమిటో మా వారు కాగితం మీద వేసి చూపించారు. మా మీద గెలిచేటప్పటికి జెట్స్ 7-7తో ఉన్నారు. మా దయవల్ల ఒకటి గెలిచి, తర్వాతది కూడా గెలిచి 9-7తో ప్లేఆఫ్స్‌లోకి వచ్చేశారు. హ్యూస్టన్‌దీ 9-7. పిట్స్‌బర్గ్‌దీ 9-7. ఆ రెండు జట్లూ ఇంటికెళ్ళాయి. మా మీద జెట్స్ ఓడి ఉంటే వాళ్ళది 8-8, అప్పుడు ఈ రెండింటిలో కనీసం ఒకదానికి చోటు దొరికేది. మేము అసలు ఆటగాళ్ళతో ఆడినా జెట్స్ గెలిచేవారేమో, చెప్పలేం. కానీ ఆడలేదు. హ్యూస్టన్ వాళ్ళ చివరి మ్యాచ్ వాళ్ళు గెలుచుకున్నారు. వాళ్ళు చెయ్యగలిగింది చేశారు. వాళ్ళ తలుపు మూసింది మాత్రం ఇండియానాపొలిస్‌లో అంచున నిలబడి చూసిన మనిషి.

ఇది రాస్తూ ఒక మాట దాచకూడదు. "విశ్రాంతి తీసుకున్నారు, అందుకే శాపం తగిలింది" అని అప్పట్లో మా ఊళ్ళో చాలామంది అన్నారు, ఎందుకంటే ఫిబ్రవరిలో కోల్ట్స్ సూపర్ బౌల్ ఓడిపోయారు, 31-17. కానీ గెలిచింది ఎవరు? న్యూ ఆర్లియన్స్ సెయింట్స్. వాళ్ళూ ఆ చివరి మ్యాచ్‌లో తమ డ్రూ బ్రీస్‌ని దింపలేదు. ఇటువైపు పడుకున్నవాళ్ళు ఓడారు, అటువైపు పడుకున్నవాళ్ళు గెలిచారు. అంతకు రెండేళ్ళ ముందు న్యూయార్క్ జెయింట్స్ దీనికి ఎదురు చేశారు. తమ చోటు ఖాయమైపోయినా, అప్పటికి ఒక్కటీ ఓడని న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌తో ప్రాణం పెట్టి ఆడి 38-35తో ఓడారు. అయిదు వారాల తర్వాత అదే జట్టుని సూపర్ బౌల్‌లో 17-14తో ఓడించారు. కాబట్టి ఫలితాలు చూపించి ఏ వాదనైనా చెయ్యొచ్చు. నా వాదన దాని మీద లేదు.

సోఫా దగ్గరికి వస్తాను.

మా వాడి స్కూల్లో ఎకనమిక్స్ క్లాసుకి ఒక గ్రూపు ప్రాజెక్టు ఉంది. నలుగురు పిల్లలు, నలుగురికీ కలిపి ఒకటే గ్రేడు. లెక్కలూ గ్రాఫులూ మా వాడి వంతు. వాడికి యూనివర్సిటీలో సీటు వచ్చేసింది కాబట్టి మరీ తప్పితే తప్ప బీ వచ్చినా సీ వచ్చినా తేడా లేదు. కానీ ఆ నలుగురిలో ఒక అమ్మాయి ఉంది. వాళ్ళమ్మ రాత్రి షిఫ్టులో గోడౌన్‌లో పనిచేస్తుంది. ఆ పిల్లకి వచ్చే స్కాలర్‌షిప్ ఆఖరి సెమిస్టర్ మార్కులు ఒక మెట్టు కిందికి దిగకుండా ఉంటేనే. ఈ సంగతి మా వాడే డిసెంబరులో, భోజనం దగ్గర, ఏదో మాటల్లో చెప్పాడు. చెప్పిన వాడు మర్చిపోయాడు. నేను మర్చిపోలేదు.

"ఆ అమ్మాయి సంగతో?" అన్నాను.

"అమ్మా, నేను మానేస్తానని అనలేదు కదా. ఏదో ఒకటి పెట్టేస్తాను. అయినా సేక్వాన్ బార్క్‌లీని కూడా కూర్చోబెట్టారు. ఈగిల్స్ గెలిచారు."

వాడు తెలివైనవాడు, మంచి ఉదాహరణే ఎంచుకున్నాడు. 2024 సీజన్‌లో ఫిలడెల్ఫియాకి ఆడే బార్క్‌లీ 2,005 గజాలు పరుగెత్తాడు. 1984లో ఎరిక్ డికర్సన్ పెట్టిన 2,105 రికార్డు దాటడానికి ఇంకో 101 గజాలు చాలు, ఒక మ్యాచ్ మిగిలి ఉంది. జట్టు స్థానం ఖాయం. కోచ్ కూర్చోబెట్టేశాడు. అతను కూర్చున్నాడు. తర్వాత సూపర్ బౌల్ గెలిచారు.

నేను పెసరపప్పు కడుగుతూ ఆలోచించాను. బార్క్‌లీ వదులుకున్నది ఎవరిది? తనది. ఎదుటి జట్టు అప్పటికే పోటీలోంచి పోయింది. ఎవరి తలుపూ మూసుకోలేదు. పైగా బెంచీ మీది వాళ్ళతోనే ఆ మ్యాచ్ గెలిచారు కూడా. అదే ఆదివారం, 2025 జనవరి 5న, కేన్సస్ సిటీ వాళ్ళు కూడా తమ మొదటి స్థానం ఖాయమైపోయిందని మహోమ్స్‌ని కూర్చోబెట్టి డెన్వర్ వెళ్ళారు. 38-0. ఒక్క పాయింటు లేదు. ఆ గెలుపుతో డెన్వర్ లోపలికి, సిన్సినాటి బయటికి. సిన్సినాటి మాకు రెండు గంటల దూరం. మా వీధిలోనే ఒకాయన నారింజ రంగు జెండా కట్టుకుంటాడు. వాళ్ళు చివరి అయిదు మ్యాచ్‌లూ గెలిచి, ఇంకో జట్టు కూడా తమకి కావలసినట్టే ఓడిపోతే, ఆ సాయంత్రం డెన్వర్ ఓటమి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. మర్నాడు ఆయన మంచు ఎత్తుతుంటే నేను పలకరించలేకపోయాను.

"నువ్వు బార్క్‌లీవి కాదురా. నువ్వు కేన్సస్ సిటీవి" అన్నాను.

వాడు ఫోన్ దింపి చూశాడు. ఆ మాట తగిలింది. కానీ తగిలిన మాటకి పిల్లలు చేసే పనేమిటి? తలుపు వేసుకున్నాడు.

రాత్రి మా వారితో చెప్తే, ఆయన వాడి పక్షమే. "నాలుగేళ్ళు చదివాడు. నిద్ర లేదు. ఇప్పుడైనా పడుకోనీ" అన్నారు. నేను ఏదో అనబోతే, "అమ్మ గుర్తులేదా?" అన్నారు. అంతే, నా నోరు మూతపడింది.

2011లో మా ఆడపడుచు పెళ్ళి. మా అత్తయ్యగారు మూడు నెలలు నడుం వంచి పనిచేశారు. అప్పగింతలయ్యాయి, చుట్టాలు వెళ్ళారు, తాంబూలాల సంచులు కూడా అయిపోయాయి. వంటవాళ్ళు కడిగి బోర్లించిన గుండిగలు వరండాలో ఉన్నాయి. "ఇవి అటక మీద పెట్టేస్తే నా పని అయిపోతుంది" అని స్టూలు ఎక్కారు. ఇంట్లో నలుగురు మగవాళ్ళున్నారు. రేపు పెట్టొచ్చు, వచ్చే నెల పెట్టొచ్చు, అసలు పెట్టకపోయినా ఏమీ కాదు. స్టూలు ఒరిగింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు కానీ మళ్ళీ ఊతం లేకుండా నడవలేదు, మళ్ళీ అమెరికా రాలేదు. పోయేముందు కూడా మా వారు "అంతా అయిపోయాక ఎందుకెక్కావే" అని అడిగితే నవ్వేవారు.

ఈ ఆటలోనూ అలాంటి అటక ఒకటుంది. 2010 జనవరి 3న, మావాళ్ళు బఫెలోలో మంచులో ఆడిన రోజే, పేట్రియట్స్ హ్యూస్టన్‌లో ఆడారు. వాళ్ళ స్థానం దాదాపు ఖాయమే. అయినా వెస్ వెల్కర్‌ని దింపారు. ఆ ఏడాది లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ క్యాచ్‌లు, 123, పట్టినవాడు. ఆట మొదలైన కాసేపటికే, ఎవరూ తగలకుండానే, పక్కకి తిరగబోయి మోకాలు పోయింది. తర్వాతి వారం అతను లేకుండా వాళ్ళు సొంత గ్రౌండులో 33-14తో ఓడి ఇంటికెళ్ళారు. కోచ్‌లు అందరూ ఆ మోకాలు తలుచుకునే బార్క్‌లీలని కూర్చోబెడతారు. వాళ్ళని ఎలా తప్పుపట్టను? నేను కూడా గుండిగలు చూసినప్పుడల్లా స్టూలు దూరంగా జరుపుతాను.

ఆ రాత్రి నిద్రపట్టక అత్తయ్యగారిని, ఆ ప్రాజెక్టు అమ్మాయినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. అత్తయ్యగారు కూర్చుని ఉంటే నష్టపోయేవాళ్ళు ఎవరూ లేరు. గుండిగలు వరండాలోనే ఉండేవి, అంతే. ఈ పిల్లవాడు కూర్చుంటే నష్టపోయేది ఇంకొక పిల్ల. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. అలసిపోయిన మనిషి, అయిపోయిన పని, ఇక చాల్లే అన్న మాట. తేడా మాత్రం ఆ మనిషిలో లేదు, అవతల ఎదురుచూస్తున్న వాళ్ళు ఉన్నారా లేదా అన్నదాంట్లో ఉంది.

అందుకే "అసలు ఆటగాళ్ళని ఆడించి తీరాలి" అని రూలు పెట్టమనేవాళ్ళ మాట నాకు నచ్చదు. పెట్టినా నిలవదు. కోచ్ ఒక్క ఆటకి దింపి లోపలికి పిలిస్తే? మోకాలు నొప్పి అంటే ఎవడు కాదంటాడు? ఇంట్లో పిల్లలకి పరీక్షల ముందు వచ్చే కడుపునొప్పిని పరీక్షించే డాక్టరు ఇంకా పుట్టలేదు. ఆ 2009 గోల తర్వాత లీగ్ కమిషనర్ రాజర్ గుడెల్, చివరిదాకా గట్టిగా ఆడే జట్లకి కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఏదైనా లాభం ఇస్తే ఎలా ఉంటుందని కూడా ఆలోచించారు. అన్నం తింటే చాక్లెట్ ఇస్తామన్నట్టు. మనం అందరం చేసినదే, ఫలితం మనందరికీ తెలిసినదే. అన్నం విలువ తగ్గుతుంది, చాక్లెట్ ధర పెరుగుతుంది.

వాళ్ళు చివరికి చేసింది వేరు. 2010 నుంచి ఆఖరి వారం మ్యాచ్‌లన్నీ ఒకే గుంపులో ఉన్న జట్ల మధ్యే పెడుతున్నారు. అంటే ఏటా రెండుసార్లు తలపడే ఇరుగుపొరుగు శత్రువులు. వాటితోనే ఎవరు ముందో తేలేలా. 2020 నుంచి ఇంకో మార్పు. అంతకుముందు ఒక్కో సగంలో మొదటి రెండు జట్లకి వారం సెలవు ఉండేది, ఇప్పుడు మొదటి ఒక్కదానికే. రెండో స్థానం ఖాయమైందని కాళ్ళు చాపుకునే వీలు పోయింది. ప్లేఆఫ్స్‌లో చోట్లు కూడా 12 నుంచి 14 చేశారు కాబట్టి చివరి వారం దాకా ఆశపడేవాళ్ళు పెరిగారు. ఎవరినీ తిట్టలేదు, జరిమానా వెయ్యలేదు. ఎవరితో ఎప్పుడు ఆడాలో మార్చారు. ఇది ఎవరో ఇల్లాలు ఇచ్చిన సలహాయేమో అని నాకు అనుమానం.

పూర్తిగా కుదిరిందా? కుదరలేదు. డెన్వర్, కేన్సస్ సిటీ ఒకే గుంపులోవే, అయినా 38-0 జరిగింది. మొదటి స్థానం దొరికినవాడు పడుకుంటూనే ఉన్నాడు. దానికి నాకు తోచిన ఉపాయం ఒకటే, ఆ మొదటి వాడికి కూడా చివరి వారం దాకా ఏదో ఒకటి తేలకుండా ఉంచడం. ఆ వారం సెలవే ఈ చిక్కుకి మూలం. మరీ పెద్ద బహుమతి అది. దాన్ని తీసేస్తే ఇంకెవరూ మధ్యలో ఆగరని అనను, కానీ పడుకున్నాక మళ్ళీ పడుకోవడానికి సెలవు దొరకదు. జనవరిలో ముందే వారం విశ్రాంతి ఉన్నవాడికి డిసెంబరులో కూడా విశ్రాంతి ఎందుకు?

ఇంకో మాట. విశ్రాంతి అందరికీ దొరకదు. జట్టులో ఉండేదే 53 మంది. మ్యానింగ్ కూర్చున్నా, ముందు వరసలో ఎదుటివాళ్ళని కాచే బరువైన మనుషుల్లో చాలామంది ఆడాల్సిందే, వాళ్ళ బదులు దిగడానికి అంతమంది లేరు. పెళ్ళిలో పెళ్ళికొడుకు తరఫు పెద్దాయన కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు, వడ్డించేవాడు ఆఖరి బంతి దాకా వంగి ఉండాల్సిందే. మన ఇళ్ళల్లో అయితే బెంచీయే లేదు కదా. జ్వరమొచ్చిన రోజు కూడా మొదటి కృష్ణుడూ మనమే, రెండో కృష్ణుడూ మనమే.

శుక్రవారం పొద్దున్న నేను మా వాడితో ప్రాజెక్టు మాట ఎత్తలేదు. "ఆదివారం మీ గ్రూపు వాళ్ళని ఇక్కడికి పిలవరా. దోసెలు వేస్తాను" అన్నాను. అంతవరకు ఆ నలుగురూ ఎవరి గదిలో వాళ్ళు కూర్చుని మెసేజ్‌లతో పని నడిపిస్తున్నారు. మెసేజ్‌లో "చేస్తున్నా" అనడానికి ఎంతసేపు?

"ఎందుకమ్మా, ఆన్‌లైన్లో అయిపోతుంది" అన్నాడు.

"పిండి రుబ్బేశాను" అన్నాను. అబద్ధం. అప్పుడే వెళ్ళి పప్పు నానబోశాను.

ఆదివారం ముగ్గురూ వచ్చారు. ఆ అమ్మాయి అందరికంటే ముందే వచ్చింది, వాళ్ళమ్మ షిఫ్టు నుంచి నేరుగా తీసుకొచ్చి దింపింది. ఆవిడ కారులోంచి దిగకుండానే చెయ్యి ఊపింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. డైనింగ్ టేబుల్ మీద కంప్యూటర్లు పెట్టుకున్నారు. ఆ పిల్ల ఒక కాగితం తీసి, ఎవరెవరి వంతు ఎంతవరకు వచ్చిందో చదివింది. తన వంతు, మిగతా ఇద్దరి వంతు అయిపోయింది. మా వాడి పేరు దగ్గరికి వచ్చేటప్పటికి ఆగి, వాడికేసి చూసింది. కోపంగా కాదు. ఊరికే, పెన్ను పట్టుకుని, రాసుకోవడానికి.

నేను పెనం మీద నీళ్ళు చిలకరించాను. ఆ చుయ్‌మన్న చప్పుడులో వాడేం చెప్పాడో వినిపించలేదు. తిరిగి చూసేటప్పటికి చెవులు ఎర్రబడి, లెక్కల ఫైలు తెరుస్తున్నాడు. మధ్యాహ్నం మూడింటిదాకా లేవలేదు. అందరూ వెళ్ళాక కూడా రాత్రి పదకొండు వరకు కూర్చున్నాడు. మా వారు గదిలోంచి రెండుసార్లు తొంగిచూసి, నాకేసి చూసి, వెళ్ళిపోయారు. ఆ చూపులో నాకు కొంచెం తిట్టు కూడా కనిపించింది. పడాలి కదా మరి.

గ్రేడు ఏ మైనస్ వచ్చింది. ఆ అమ్మాయి స్కాలర్‌షిప్ సంగతి జూన్ దాకా తేలదట. నేను కనుక్కోమని రెండుసార్లు అడిగాను. మూడోసారి అడిగితే "అమ్మా, అది తన విషయం" అన్నాడు. అదీ నిజమే.

ప్రాజెక్టు చెప్పేసి వచ్చిన రోజు సాయంత్రం ఆరింటికే, బూట్లు కూడా విప్పకుండా మళ్ళీ అదే సోఫాలో నిద్రపోయాడు. నోరు కొంచెం తెరుచుకుని, ఏడాదిన్నరప్పుడు మావయ్యగారి ఒళ్ళో పడుకున్నట్టే ఉన్నాడు. మా వారు వచ్చి, "అన్నానికి లేపనా?" అన్నారు.

"వద్దు, ఇవాళ పడుకోనివ్వండి" అన్నాను. వాడి కంచం మీద మూత పెట్టి, లైటు తీసేశాను.